క్వేకర్ల మౌన ఆరాధనకు మొదటిసారి వెళ్తున్నారా?

బ్రిటన్‌లో క్వేకర్ల (క్రైస్తవంలోంచి పుట్టిన ఒక శాఖవారి) ఆరాధనకు వస్తామనేవారు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: గంటసేపు మాట్లాడకుండా ఎలా కూర్చుంటారు? కూర్చోవడం సులువే. లేచి మాట్లాడాలా వద్దా అన్నది తేల్చుకోవడమే అసలు పని.

కాస్త ముందే వెళ్ళండి. మొదటి మనిషి వచ్చి కూర్చోగానే ఆరాధన మొదలైనట్టే. గదిలో సిలువ, బలిపీఠం, వేదిక ఉండవు. చుట్టూ కుర్చీలు, మధ్యలో బల్ల, సాధారణంగా దానిమీద పూలు, బైబిలు. ఎక్కడైనా కూర్చోండి, తలుపు పక్క కుర్చీలు మాత్రం ఆలస్యంగా వచ్చేవారికి వదిలేయండి. పిల్లలు కాసేపే ఉంటారు. వారి చప్పుడుకు విసుక్కోకండి. 1682లో బ్రిస్టల్‌లో ఆరాధనకు కూడినందుకు క్వేకర్ పెద్దవాళ్ళను జైల్లో పెడితే ఆరాధన ఆగకుండా చూసింది పిల్లలే.

కళ్ళు మూసుకోవాలన్న నియమం లేదు. ఇంటి తాళం వేశానా అన్న ఆలోచన వస్తుంది, రానివ్వండి, పోనివ్వండి. ఎవరి ధ్యానం వారిదే అనుకుని ముడుచుకుపోవద్దు. ఇది దేవుడి ప్రేరణ కోసం అందరూ కలిసి ఎదురుచూడటం. నేనైతే గదిలోని ఒక్కొక్కరినీ మనసులో తలుచుకుంటాను.

పాస్టరు ఉండరు, ఎవరైనా లేచి మాట్లాడవచ్చు. స్త్రీలకు ఆ హక్కు ఉందని వాదిస్తూ తొలితరం క్వేకర్ మార్గరెట్ ఫెల్ 1666లోనే కరపత్రం రాశారు. హక్కు ఉంది కదా అని వెంటనే లేవకండి. ఈ మాట నా ఒక్కదాని కోసమా, అందరి కోసమా? ఈ రోజే చెప్పాలా? వచ్చేవారం దాకా ఆగితే చెడిపోతుందా? నేను వేసుకునే ప్రశ్నలివి. గుండె దడదడలాడితే లేవాల్సిందేనని కొందరంటారు. కాఫీ ఎక్కువైనా నాకు దడ వస్తుంది కాబట్టి ఆ ఒక్క గుర్తునే నమ్మను. ఇంట్లో తయారుచేసుకున్న ప్రసంగం తేవద్దు, అలాగని నోరు విప్పనని శపథం చేసుకునీ రావద్దు. లేస్తే నాలుగు మాటలు చెప్పి కూర్చోండి. రెండోసారి లేవకండి.

మరొకరు మాట్లాడితే జవాబివ్వకండి, ఖండించకండి. ఆ మాట ఇంకేదాకా మౌనం కావాలి. నచ్చకపోతే, అది ఏ బాధలోంచి వచ్చిందో ఆలోచించండి. ఒక్కరూ మాట్లాడకుండానే గంట గడిచినా అది నిండు ఆరాధనే.

చివర ఇద్దరు ఎల్డర్లు (ఆరాధన సవ్యంగా సాగేలా చూసుకునేవారు) కరచాలనం చేస్తారు, తర్వాత అందరూ పక్కవారితో చేతులు కలుపుతారు. ప్రకటనలు, టీ ఉంటాయి. టీ దగ్గర "ఎంత బాగా మాట్లాడారండీ" అని ఎవరినీ పొగడకండి, నాకది ప్రసంగ పోటీ వాసన వేస్తుంది. సందేహాలుంటే ఎల్డర్లను అడగండి. ముందుగా చేతులు కలిపింది వాళ్ళే కనుక గుర్తుపట్టడం కష్టం కాదు.