ఎముకల వయసును బట్టి బాల క్రీడాకారులకు సాధన నిర్ణయించడం

ఒకే ఏడాది పుట్టిన ఇద్దరు పదమూడేళ్ల క్రీడాకారుల ఎముకల వయసులో, అంటే ఎముకలు ఏ వయసుకు తగినంత ఎదిగాయో చెప్పే లెక్కలో, రెండు మూడేళ్ల తేడా ఉండవచ్చు కనుక, పరుగులోనో బలంలోనో కనిపించే ఆధిక్యాన్ని వెంటనే ప్రతిభగా లెక్కించకూడదు. ముందే ఎదిగిన పిల్లవాడు కండబలంతో నెగ్గుకొస్తుంటే, ఆలస్యంగా ఎదిగేవాడు నైపుణ్యం ఉండి కూడా ఎంపికలో వెనకబడతాడు; శిక్షకులు తరచూ పొరబడేది ఇక్కడే.

మూడు నెలలకోసారి చెప్పులు విప్పించి, మడమలు గోడకు ఆనించి ఎత్తు కొలవండి. కూర్చున్న ఎత్తు, బరువు కూడా రాసిపెట్టండి. ఉదయం ఉన్న ఎత్తు సాయంత్రానికి కాస్త తగ్గుతుంది కాబట్టి కొలిచే వేళ మార్చకూడదు. ఎదుగుదల వేగం సాధారణంగా ఆడపిల్లల్లో 12 ఏళ్లకు, మగపిల్లల్లో 14 ఏళ్లకు అటూఇటుగా అత్యధికంగా ఉంటుంది. ఎముకల వయసు తెలియాలంటే ఎడమచేతి, మణికట్టు ఎక్స్‌రేను ప్రామాణిక చిత్రాలతో పోల్చి చూస్తారు. అయితే దాన్ని వైద్యుల సలహాపైనే తీయించాలి.

ఎత్తు త్వరత్వరగా పెరిగే నెలల్లో గెంతులు, దూకుళ్లు తగ్గించి, శరీర సమతౌల్యానికి, కదలికల తీరుకు ఎక్కువ సమయం కేటాయించండి. మోకాలిచిప్పకు దిగువన ఉబ్బిన ఎముకను నొక్కితే నొప్పి అని పిల్లలు చెబితే, దాన్ని సాకుగా తీసిపారేయకుండా గెంతులు ఆపించి వైద్యుడికి చూపించండి. బలం, వేగం పరీక్షల ఫలితాలను మాత్రం పుట్టిన తేదీతోపాటు ఎదుగుదల దశతోనూ సరిపోల్చాలి.