రాళ్ల మ్యాపు చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: వాలు, గీత, లోతు

పోయిన పాఠంలో లెజెండ్ చదివాం. అన్నిటికంటే కింద ఉన్న పెట్టె పాత రాయిది, పైకి పోయేకొద్దీ కొత్త రాళ్లు. రంగు చూసి పేరు చెప్పగలిగితే సగం పని అయినట్టే. మిగతా సగం ఈ పాఠం: పైన కనిపించే రాయి లోపలికి ఎటు పోతోంది, ఎంత లోతుకు పోతోంది, మ్యాపు మీది గీతను ఎంతవరకు నమ్మాలి.

స్కేలు, సైన్–టాన్ ఉన్న కాలిక్యులేటర్, పెన్సిల్ దగ్గర పెట్టుకోండి. మ్యాపులేమో జీఎస్ఐవి, అంటే జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియావి. 1851లో మొదలైన ఈ సంస్థ తన మ్యాపుల్ని, డేటాని భూకోశ్ పోర్టల్లో పెట్టింది. పేరు నమోదు చేసుకుంటే డబ్బు కట్టకుండానే దింపుకోవచ్చు.

ముందు మన షీటు ఏదో తేల్చుకుందాం

పాత టోపోషీట్ల (ఎత్తుపల్లాలు, ఊళ్లు చూపించే మ్యాపుల) నంబర్లే జీఎస్ఐ మ్యాపుల్లోనూ, రిపోర్టుల్లోనూ కనిపిస్తాయి. ఒక్కసారి పద్ధతి పట్టుబడితే మళ్లీ ఎవర్నీ అడగక్కర్లేదు. దేశాన్ని 4 డిగ్రీల చదరాలుగా కోసి ఒక్కోదానికి ఒక నంబరు ఇచ్చారు. ఆ చదరంలో 16 డిగ్రీ షీట్లు, ఏ నుంచి పీ దాకా. ఒక్కో డిగ్రీ షీటులో మళ్లీ 16 చిన్న షీట్లు, 1 నుంచి 16 దాకా. ఈ చిన్నవే 1:50,000 స్కేలు షీట్లు. అక్షరాలైనా అంకెలైనా పడమటి వరుసలో పైనుంచి కిందికి దిగి, తర్వాత తూర్పు పక్క వరుసలో మళ్లీ పైనుంచి మొదలవుతాయి. చాలామంది పొరబడేది ఇక్కడే: పుస్తకం చదివినట్టు అడ్డంగా లెక్కపెడతారు. నిలువుగా లెక్కపెట్టాలి.

కడప పట్టణం తీసుకోండి. అక్షాంశం సుమారు 14.47, రేఖాంశం 78.82. చదరం 57 అంటే రేఖాంశం 76–80, అక్షాంశం 12–16. రేఖాంశం 78–79 మధ్య ఉంది కాబట్టి మూడో నిలువు వరుస: ఐ, జే, కే, ఎల్. అక్షాంశం 14–15 మధ్య, అంటే పైనుంచి రెండోది: జే. ఇప్పుడు జే లోపల పావు డిగ్రీ చొప్పున కోయండి. 78.75 దాటింది కాబట్టి నాలుగో వరుస: 13, 14, 15, 16. అక్షాంశం 14.25–14.50 మధ్య, పైనుంచి మూడోది. కడప షీటు 57జే/15.

వాలు గుర్తు

మ్యాపు మీద అక్కడక్కడా ఒక చిన్న గీత, దాని మధ్యలోంచి ఒక పక్కకు పొడుచుకొచ్చిన పొట్టి గీత, పక్కన ఒక అంకె ఉంటాయి. పొడుగు గీత స్ట్రైక్, అంటే పొర నేలమీద సాగిపోయే దిక్కు. పొట్టి గీత ఎటు చూపిస్తే పొర అటు లోపలికి దిగుతోంది. అంకె ఆ వాలు ఎన్ని డిగ్రీలో చెబుతుంది. ఎవరో జియాలజిస్టు ఆ చోట నిలబడి, రాయి మీద దిక్కూ వాలూ కొలిచే క్లైనోమీటర్ కంపాస్ ఆనించి చదివిన అంకె అది. మ్యాపులో రంగులన్నిటికంటే నేను ఎక్కువ విలువ ఇచ్చేది ఈ గుర్తుకే. రంగులో కొంత ఊహ ఉండొచ్చు, ఇది కొలత.

కడప బేసిన్ (పాతకాలంలో పొరలు పేరుకున్న పల్లపు ప్రాంతం) నైరుతి అంచు దీనికి మంచి ఉదాహరణ. అడుగున నైస్ (చారలున్న గట్టి రాయి), గ్రానైట్ లాంటి పాత రాళ్లు. వాటి మీద గట్టిపడ్డ ఇసుకరాయి లాంటి గుల్చెరు క్వార్ట్‌జైట్, దానిపైన వేంపల్లె డోలమైట్ (సున్నపురాయి లాంటిది), ఆపైన పులివెందుల క్వార్ట్‌జైట్. పొరలు బేసిన్ లోపలివైపు, ఈశాన్యానికి తక్కువ కోణంలో వాలి ఉంటాయి. అందుకే నైరుతి నుంచి ఈశాన్యానికి నడిస్తే నేల చదునుగా ఉన్నా పాత పొర నుంచి కొత్త పొరకు వెళుతుంటాం.

మందం లెక్క చేద్దాం. ఈ అంకెలు సాధన కోసం వేసుకున్నవి. ఒక పొర మ్యాపు మీద, వాలు దిక్కులో కొలిస్తే, 2.4 సెంటీమీటర్లు ఉంది. 1:50,000లో ఒక సెంటీమీటరు అంటే 500 మీటర్లు, కాబట్టి వెడల్పు 1,200 మీటర్లు. వాలు 15 డిగ్రీలు. నేల చదునుగా ఉంటే మందం = వెడల్పు × సైన్ 15 = 1,200 × 0.259, దాదాపు 310 మీటర్లు. కిలోమీటరు పైన పరుచుకున్న రంగు పట్టీ లోపల 310 మీటర్ల పొర అన్నమాట. తక్కువ వాలున్న పొరలు మ్యాపులో ఎక్కువ జాగా తీసుకుంటాయి. పట్టీ వెడల్పు చూసి పొర మందం అనుకోకండి.

ఇక లోతు. పొర నేలమీద కనిపించిన చోటు నుంచి వాలు దిక్కులో ఒక కిలోమీటరు వెళ్లి నిలబడ్డారు. కాళ్ల కింద ఆ పొర ఎంత లోతులో ఉంటుంది? 1,000 × టాన్ 15 = 268 మీటర్లు. వాలు 15 కాక 10 అయితే 176, 20 అయితే 364. అయిదు డిగ్రీల తేడాకే ఇంత మారుతోంది. అందుకే ఒక్క గుర్తుతో లెక్క ముగించకండి; చుట్టుపక్కల గుర్తులన్నీ రాసుకుని, అవి ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయో లేదో చూడండి. బేసిన్ తూర్పున నల్లమల వైపు పొరలు మడతలు పడ్డాయి. అక్కడ కిలోమీటరు దూరంలోనే వాలు తిరగబడొచ్చు, ఈ సూత్రం చెల్లదు.

ఇంకొక జాగ్రత్త. నైస్ ప్రాంతంలో కూడా ఇలాంటి గుర్తులే కనిపిస్తాయి, కానీ అవి రాతిలోని చారల వాలు. గుర్తు ఆకారం కొద్దిగా వేరుగా ఉంటుంది, లెజెండ్‌తో సరిచూసుకోండి. దానితో మందం లెక్క కట్టకూడదు.

గీతను ఎంత నమ్మాలి

రెండు రంగుల మధ్య నిండు గీత ఉంటే సరిహద్దును చూసి వేశారని అర్థం. తెగిన గీతలుంటే ఊహించి వేశారు. కుందూ లోయకి వెళ్లండి: నంద్యాల షేల్ (బురద గట్టిపడి ఏర్పడ్డ రాయి), కోయిలకుంట్ల సున్నపురాయి చాలాచోట్ల నల్లరేగడి కింద ఉంటాయి. నేల కప్పేసిన చోట సరిహద్దు ఎవరికీ కనబడదు. పక్కన బయటపడ్డ రాళ్లనీ, బావుల్లో తగిలిన రాళ్లనీ బట్టి గీస్తారు. అది తప్పు కాదు, నిజాయితీగా తెగిన గీత వేశారు కదా.

డిజిటల్ డేటాలో ఈ తేడా మాయమవుతుంది. భూకోశ్ నుంచి షేప్‌ఫైల్ (మ్యాపు డేటా ఫైలు) దింపి క్యూజీఐఎస్ అనే మ్యాపు సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే పాలిగన్ (ఒక్కో రాతి రంగు ముక్క) అంచులన్నీ ఒకేలా, సన్నగా, కచ్చితంగా కనిపిస్తాయి. జూమ్ చేస్తూ పోతే మీ పొలం గట్టు దాకా వెళ్లొచ్చు. కానీ 1:50,000 మ్యాపులో అర మిల్లీమీటరు గీత అంటే నేలమీద 25 మీటర్లు. తెర మీద ఎంత పెద్దది చేసినా డేటా ఆ స్కేలుదే. ప్లాటులో ఈ మూల డోలమైట్, ఆ మూల క్వార్ట్‌జైట్ అని చెప్పేంత వివరం అందులో లేదు. బోరు ఎక్కడ వేయాలన్నదీ ఈ మ్యాపు ఒక్కటే చెప్పలేదు. గట్టి రాతి ప్రాంతంలో నీళ్లు పగుళ్లని బట్టి, పైన ఎండకీ వానకీ మెత్తబడ్డ రాతి మందాన్ని బట్టి ఉంటాయి. దీన్ని చూపించి ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి.

అందుకని నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: షేప్‌ఫైల్‌తో పాటు అదే షీటు స్కాన్ మ్యాపును పక్కన తెరిచి పెట్టుకోండి. ప్రశ్న వచ్చినప్పుడల్లా అటు చూడండి.

క్యూజీఐఎస్‌లో గబగబా మూడు పనులు. జిప్‌లో వచ్చిన ఫైళ్లన్నీ ఒకే ఫోల్డర్లో ఉంచండి, ఏదైనా తప్పిపోతే మ్యాపు సరిగ్గా తెరుచుకోకపోవచ్చు. కాలమ్ పేర్లు సగంలో తెగినట్టు ఉంటే కంగారు వద్దు, షేప్‌ఫైల్లో కాలమ్ పేరుకి పది అక్షరాలే పడతాయి. వైశాల్యం కొలిచే ముందు డేటాను డిగ్రీల్లో కాక మీటర్లలో కొలిచే యూటీఎం 44 ఉత్తరం జోన్‌లోకి, అంటే క్యూజీఐఎస్‌లో ఈపీఎస్‌జీ 32644 కోడ్‌లోకి మార్చుకోండి. ఈ జోన్ రేఖాంశం 78 నుంచి 84 దాకా పనికొస్తుంది.

ఇంకా ఒకటి చూపించాలి. రెండు పక్కపక్క షీట్లు కలిపి తెరిస్తే, కొన్నిచోట్ల రాయి రంగు సరిగ్గా పావు డిగ్రీ రేఖ మీద నిట్టనిలువుగా తెగిపోతుంది. రాయి రేఖాంశం చూసుకుని ఆగదు. రెండు షీట్లూ వేర్వేరు కాలాల్లో వేర్వేరు మనుషులు తయారు చేసినవి, ఒకరు ఒక పేరు పెడితే ఇంకొకరు ఇంకొకటి పెట్టారు. అది ఫాల్ట్ (రాళ్లు విరిగి జరిగిన చోటు) అనుకుని రిపోర్టు రాసేయకండి. అనంతపురం వైపు నైస్‌లో డోలరైట్ డైక్‌లు (పగుళ్లలోకి చొచ్చుకొచ్చి గట్టిపడ్డ నల్లరాతి గోడలు) కూడా గుట్టలు, వాగులు పట్టించుకోకుండా తిన్నగా పోతాయి, కానీ అవి నిజం: దాదాపు నిలువుగా నిలబడ్డ రాయి ఎత్తుపల్లాల్ని బట్టి వంకర తిరగదు.

అభ్యాసం

ఒకటి: గండికోట అక్షాంశం 14.81, రేఖాంశం 78.28. షీటు నంబరు ఎంత?

రెండు: 1:50,000 మ్యాపులో ఒక పొర వెడల్పు 1.8 సెంటీమీటర్లు, వాలు 10 డిగ్రీలు. మందం ఎంత?

మూడు: మీ జిల్లా షీటు, దాని పక్క షీటు దింపి, అతుకు వెంట తెగిన రంగులు వెతకండి. రెండు వైపులా ఏ పేర్లున్నాయో రాసి పెట్టుకోండి, వచ్చే పాఠంలో అడ్డుకోత (నేలను నిలువునా కోసినట్టు చూపే బొమ్మ) గీసేటప్పుడు అవి కావాలి.

మొదటిదానికి జవాబు 57జే/5. రెండోదానికి 156 మీటర్లు. 159 వచ్చిందంటే సైన్ బదులు టాన్ నొక్కారు.