కొట్లో కొనడం నేర్పేటప్పుడు చివరి నుంచి మొదలుపెట్టండి

ఆటిజం ఉన్న పిల్లలకు కిరాణా కొట్లో కొనడం నేర్పుతున్నారా? చివరి పని ముందు నేర్పండి. థెరపీలో దీన్ని బ్యాక్‌వర్డ్ చైనింగ్ అంటారు. అడగడం, డబ్బులివ్వడం మీరే చేసేసి, బిస్కెట్ ప్యాకెట్ అందుకోవడం ఒక్కటే పిల్లాడికి వదలండి. ప్యాకెట్ చేతిలో పడడమే బహుమతి, వేరే చాక్లెట్ లంచం అక్కర్లేదు. అది అలవాటయ్యాక పది రూపాయల నోటు ఇవ్వడం, ఆఖరున నోరు తెరిచి అడగడం.

అడిగించేటప్పుడు ఒక జాగ్రత్త. "అంకుల్, బిస్కెట్ ఇవ్వండి అను" అంటే మావాడు ఆ "అను"తో సహా అప్పజెప్పేవాడు! అందుకే వెనక నిలబడి, వాడు అనాల్సిన మాట మాత్రమే చెవిలో చెప్పండి. కొన్నాళ్లకు "బిస్..." దగ్గరే ఆపేయండి, మిగతాది వాడే పూర్తిచేస్తాడేమో చూడండి. మాటలు రాని పిల్లలు బొమ్మ కార్డు చూపించినా అడిగినట్టే.

మధ్యాహ్నం రెండు మూడింటప్పుడు వెళ్లండి. జనం ఉండరు, కొట్టాయనకూ ఓపిక ఉంటుంది. ఆయనకు ముందే ఒక మాట చెప్పి ఉంచండి. కళ్లలోకి చూడమని మాత్రం పట్టుబట్టకండి, ఆ కంగారులో వచ్చే మాట కూడా ఆగిపోవచ్చు.