పిట్టల లెక్క రాయాలంటే ముందు కాకుల్ని రాయండి

పాలపిట్ట కనిపిస్తే ఫొటో తీసి గ్రూపులో పెట్టేస్తాం, పక్కనే కరెంటు తీగ మీదున్న కాకుల్ని మాత్రం పట్టించుకోం. సైన్సుకు పనికొచ్చే లెక్క రాయాలంటే ముందు ఈ అలవాటు మానుకోవాలి.

పెద్ద సరంజామా ఏమీ అక్కర్లేదు, ఫోన్లో చూసిన పిట్టల్ని నమోదు చేసే ఈబర్డ్ యాప్ (కార్నెల్ యూనివర్సిటీ వాళ్లది, ఉచితం), ఉంటే ఒక బైనాక్యులర్. హైదరాబాద్‌లో అయితే 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన అమీన్‌పూర్ చెరువుకి వెళ్లొచ్చు, కానీ నన్నడిగితే మీ టెర్రసో, పక్క వీధి పార్కో మేలు, ఎందుకంటే అక్కడికి వారం వారం వెళ్లగలరు.

ఎండెక్కకముందే యాప్‌లో చెక్‌లిస్ట్ (ఆ పూట చూసిన పిట్టల జాబితా) మొదలుపెట్టండి, టైమూ నడిచిన దూరమూ యాప్ చూసుకుంటుంది. కనీసం 15 నిమిషాలు ఉండి, చూసినవీ, గొంతు విని గుర్తుపట్టినవీ అన్నీ రాయండి: గోరింకలు, పావురాలు, కాకులు, అన్నీ. నీటికాకుల గుంపు కనిపిస్తే ముందు పదింటిని లెక్కపెట్టి, అలాంటి పదులు ఎన్ని ఉంటాయో చూసి అంకె వేయండి, ఉజ్జాయింపైనా సరే. పేరు మాత్రం ఊహించి రాయొద్దు.

చివర్లో, గుర్తుపట్టిన పిట్టలన్నీ రాశారా అని యాప్ అడుగుతుంది. నిజంగా రాసి అవును అంటేనే అసలు విలువ, ఎందుకంటే అప్పుడు లిస్టులో లేని పిట్ట మీకు అక్కడ కనపడలేదన్న సంగతి కూడా లెక్కలోకి వస్తుంది. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట దేశంలో తగ్గిపోతోందని 2023లో వచ్చిన భారత పక్షుల స్థితి నివేదిక చెప్పగలిగిందంటే, అది లేని లిస్టులు కూడా జనం పంపబట్టే.

సీతాకోకచిలుకలు, పాములు, మొక్కలకైతే ఐనాచురలిస్ట్ అనే యాప్ ఉంది, ఫొటో పెడితే తెలిసినవాళ్లు పేరు గుర్తుపడతారు. సీతాకోకచిలుకని రెక్కలు మూసినప్పుడూ తెరిచినప్పుడూ తీయండి, గుర్తుపట్టేవాళ్లకి సులువు. కుండీలో పెంచిన మందారం పెడితే అది పెంచినదని మార్క్ చేయండి. పాముని మాత్రం దూరం నుంచి జూమ్ చేసి తీస్తే చాలు, హీరోయిజం వద్దు.

గూళ్ల ఫొటోలు, గుడ్లగూబ ఉండే తొర్ర లొకేషన్ ఎక్కడా పెట్టకండి, మర్నాటికి అక్కడ కెమెరాల జాతర అవుతుంది. తీతువు నేల మీదే గుడ్లు పెడుతుంది, అరుస్తూ మీ తల మీదే తిరుగుతోందంటే గుడ్లో పిల్లలో దగ్గర్లోనే ఉన్నాయన్నమాట, వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోండి.

అరుదైన పిట్ట రాస్తే ఈబర్డ్ రివ్యూయర్ (లిస్టులు సరిచూసే మనిషి) మెయిల్ చేసి ఆధారం అడగొచ్చు. వాళ్లూ మనలాంటి వాలంటీర్లే, కాబట్టి ఫీలవకుండా ఫొటో, లేదంటే రెక్కల రంగు, ముక్కు ఆకారం ఎలా ఉన్నాయో నాలుగు ముక్కలు రాసి పంపండి.