మునగాకు, తెలగపిండి కూర వండే పద్ధతి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో పెరటి చెట్టు నుంచే దొరికే ఆకుకూరల్లో పోషక విలువ దృష్ట్యా మునగాకుకు సాటి వచ్చేవి తక్కువ. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల పచ్చి ఆకులో 6 గ్రాములకు పైగా ప్రొటీను, 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటాయి. అయితే ఒక పూట మనం తినేది గుప్పెడు ఆకే కనుక, దీన్ని సర్వరోగ నివారిణిగా చెప్పే మాటలను నమ్మనక్కరలేదు.

ఆకు దూయడమే అసలు శ్రమ. రెమ్మలను రాత్రి గుడ్డలో మూటగట్టి ఉంచితే, తెల్లవారి దులపగానే చాలా ఆకు దానంతటదే రాలుతుంది. మిగిలిన సన్నని ఈనెలను మాత్రం ఏరి పారేయాలి, లేకపోతే నోటికి పీచులా తగులుతాయి.

గానుగలో నువ్వుల నూనె తీయగా మిగిలే తెలగపిండి ఈ ఆకుకు సరైన జోడు. బాలింతలకు ఈ కూర పెట్టడం పాత ఆనవాయితీ. ఉప్పు, పసుపు వేసి మరిగించిన కొద్దిపాటి నీళ్లలో ఆకు మెత్తబడేవరకు ఉడికించి, ఆ నీటిని వంపేయకుండా, మెత్తగా చిదిపిన తెలగపిండిని అందులోనే చల్లి, సన్నని సెగపై మూతపెట్టి తడి ఇగిరి పొడిపొడిగా విడేదాకా మగ్గనివ్వాలి. నువ్వుల నూనెలో ఆవాలు, మినప్పప్పు, ఎండుమిరప, చితక్కొట్టిన వెల్లుల్లితో పోపు ధారాళంగానే పెట్టాలి, ఎందుకంటే ఈ పిండి నూనెను బాగా పీలుస్తుంది.

రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు మాత్రం ఆకుకూరలు ఎంత తినవచ్చో వైద్యుణ్ణి అడిగి తెలుసుకోవాలి.