తూకం, గ్రైండర్, నీళ్లు: ఇంట్లోనూ ప్రయాణంలోనూ మంచి కాఫీ

ఏ కాఫీ మెషిన్ కొనమంటావని ఎవరైనా అడిగితే, మీ ఇంట్లో చిన్న డిజిటల్ తూకం ఉందా అని నేను ఎదురు అడుగుతాను. ఆడిట్ చేసే మనిషి కదా, దేనికైనా లెక్క కావాలంటుంది అని నవ్వుతారు. నవ్వనివ్వండి. కాఫీ గింజ వేగేకొద్దీ తేమ పోయి తేలికవుతుంది, అదే సమయంలో ఉబ్బుతుంది కూడా. అందువల్ల నల్లగా వేగిన కాఫీ పొడి ఒక చెంచా, తక్కువ వేగిన పొడి ఒక చెంచా ఒకే బరువు తూగవు. ప్యాకెట్ మారిన రోజున మన "రెండు చెంచాలు" కూడా మారిపోతాయి. నిన్న కుదిరింది ఇవాళ ఎందుకు కుదరలేదని తల పట్టుకుంటే, చాలాసార్లు జవాబు ఇక్కడే ఉంటుంది.

గ్రాములో పదో వంతు దాకా చూపించే తూకం అయితే మంచిది. బ్లాక్ కాఫీకి ఒక గ్రాము పొడికి సుమారు 16 గ్రాముల నీళ్లు పోయండి. అంటే 15 గ్రాముల పొడికి 240 గ్రాముల నీళ్లు. నీళ్లు 1 మిల్లీలీటరు దాదాపు 1 గ్రాము తూగుతాయి కాబట్టి వేరే కొలగ్లాసు అక్కర్లేదు. కప్పును తూకం మీదే పెట్టి, సున్నా చేసి పోయడమే.

డబ్బు పెట్టాల్సింది మాత్రం గ్రైండర్ మీద. పొడి చేసిన కాఫీ వాసన కొద్ది రోజుల్లోనే పోతుంది, గింజగా ఉంటే వారాలు నిలుస్తుంది. అంతకన్నా ముఖ్యం పలుకు ఒకే సైజులో ఉండటం. మిక్సీ బ్లేడు గింజను నలపదు, ముక్కలు చేస్తుంది. కొంత మెత్తటి దుమ్ము, కొంత పెద్ద పలుకు వస్తాయి. దుమ్ములోంచి చేదు దిగిపోతుంది, పలుకులోంచి రుచి సగమే దిగి పులుపు మిగులుతుంది. ఒకే కప్పులో రెండు తప్పులన్నమాట. బర్ గ్రైండర్‌లో రెండు పళ్ల చక్రాల మధ్య గింజ నలుగుతుంది, ఆ చక్రాల ఎడాన్ని మనమే సరిచేసుకోవచ్చు. చేత్తో తిప్పేది కొంటే అదే ప్రయాణానికీ పనికొస్తుంది. ప్రస్తుతానికి మిక్సీ తప్ప దిక్కులేదంటే, ఆపి ఆపి కొద్దికొద్దిగా తిప్పి, సన్నటి జల్లెడలో దుమ్మును జల్లించి పారేయండి. తేడా మొదటి గుక్కలోనే తెలుస్తుంది. గ్రైండర్ గోడలకు పొడి అతుక్కుని విసిగిస్తుంటే, గింజలపై ఒక్క నీటి చుక్క వేసి కలిపి తిప్పండి. స్టాటిక్ కరెంటు తగ్గి పొడి జారిపోతుంది.

ఇక రుచి చూసి సరిచేసుకోవడం. కాఫీ పుల్లగా, పల్చగా, చప్పున ముగిసిపోయినట్టు ఉంటే రుచి పూర్తిగా దిగలేదని అర్థం. పొడిని ఇంకాస్త మెత్తగా ఆడండి. చేదుగా ఉండి నాలుక ఎండిపోయినట్టు అనిపిస్తే ఎక్కువ దిగింది, కాస్త బరక చేయండి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. పలుకూ, వేడీ, తూకమూ ఒకేసారి మార్చేస్తే దేనివల్ల బాగుపడిందో ఎప్పటికీ తెలియదు. నేనైతే గ్రైండర్ చక్రాల ఎడం ఏ నంబరు దగ్గర ఉందో ప్యాకెట్ మీదే పెన్నుతో రాసి పెడతాను.

రోజూ నేను చేసేది పేపర్ ఫిల్టర్ కాఫీ. గరాటులో కాగితం పెట్టి, వేడి నీళ్లతో ఒకసారి తడిపి, ఆ నీళ్లు పారబోయాలి. కాగితం వాసన పోతుంది, గరాటు కూడా వేడెక్కుతుంది. 15 గ్రాముల పొడి వేసి ముందు 30 గ్రాముల నీళ్లే పోసి అర నిమిషం ఆగాలి. తాజాగా వేగిన గింజల్లో ఉండే కార్బన్ డయాక్సైడ్ బుడగలుగా పైకి వస్తుంది. అది పోతేనే తర్వాతి నీళ్లు పొడిలోకి సరిగ్గా దిగుతాయి. తర్వాత మెల్లగా గుండ్రంగా మిగతా నీళ్లు పోయాలి. అంతా కలిపి మూడు నిమిషాల దగ్గర పూర్తవ్వాలి. రెండు నిమిషాల్లోనే కారిపోతే పొడి బరక, నాలుగు దాటితే మరీ మెత్తన. పొడి సైజును కంటితో చూసి ఊహించే బదులు గడియారాన్ని నమ్మండి.

ఫ్రెంచ్ ప్రెస్, అంటే మూతకున్న జల్లెడను కిందికి నొక్కి పొడిని వేరుచేసే జాడీ, ఇంతకన్నా సులువు. 500 గ్రాముల నీళ్లకు 30 గ్రాముల పొడి వేసి నాలుగు నిమిషాలు కదపకుండా ఉంచండి. పైన కట్టిన తెట్టును చెంచాతో కలిపి, నురగ తీసేసి, మరో నాలుగైదు నిమిషాలు ఆగండి. పొడి దానంతట అదే అడుగుకు దిగుతుంది. జల్లెడను అడుగుదాకా నొక్కకుండా కాఫీ పైమట్టం దగ్గరే ఆపి వంచుకుంటే కప్పులో మడ్డి రాదు. ఒక్క మాట: కాగితం లేకుండా చేసే కాఫీలో కెఫెస్టాల్ అనే నూనె పదార్థం మిగులుతుంది, అది చెడు కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది. కొలెస్ట్రాల్ గొడవ ఉన్నవాళ్లు రోజువారీకి పేపర్ ఫిల్టరే వాడుకోవడం మేలు.

మా ఆయన పాలు లేని కాఫీ ముట్టరు. పాలకు పల్చటి కాఫీ ఆనదు, చిక్కటి డికాక్షన్ ఉండాలి. దానికి మోకా పాట్ బాగుంటుంది, 1933 నుంచి ఉన్న ఇటలీ గిన్నె అది, కింది నీళ్లు ఆవిరి ఒత్తిడికి పొడిలోంచి పై గిన్నెలోకి ఎక్కుతాయి. కింది గిన్నెలో సేఫ్టీ వాల్వ్ దాటకుండా వేడి నీళ్లే పోయండి. చన్నీళ్లు పోస్తే అవి మరిగేలోపు పొడి కింద మాడినట్టు అవుతుంది. పొడిని సమంగా నింపండి కానీ అదమకండి. సన్న మంట మీద పెట్టి, గరగరమని చప్పుడు మొదలవగానే దించేయండి. ఆ తర్వాత వచ్చేదంతా చేదే. ఎస్ప్రెసో మెషిన్ సంగతి ఇక్కడ ఎత్తను. దాన్ని బ్యాగులో వేసుకుని ఎవరూ వెళ్లరు.

నీళ్ల సంగతి చాలామంది పట్టించుకోరు. కప్పులో 98 శాతానికి పైగా ఉండేది అవే. వేడి 90 నుంచి 96 డిగ్రీల మధ్య ఉంటే చాలు, మరిగాక అర నిమిషం ఆగితే దాదాపు అక్కడికి వస్తుంది. తక్కువ వేగిన గింజలకు ఆగకుండా మరిగే నీళ్లే పోసినా ఫర్వాలేదు, నల్లగా వేగినవాటికి ఇంకాస్త చల్లారనివ్వాలి. లవణాలు బొత్తిగా లేని ఆర్‌ఓ నీళ్లతో కాఫీ చప్పగా, పుల్లగా వస్తుంది. లవణాలు మరీ ఎక్కువైతే పులుపుతో పాటు జీవం కూడా పోతుంది. లీటరుకు 150 మిల్లీగ్రాముల దగ్గర లవణాలుంటే బాగా కుదురుతుంది. బాటిల్ నీళ్లయితే లేబుల్ మీద ఆ అంకె ఉందేమో చూసి కొనండి.

గింజల ప్యాకెట్‌పై వేయించిన తేదీ లేకపోతే నేను కొనను. వేయించిన వారం తర్వాత మొదలుపెట్టి నెలా నెలన్నరలో తాగేయాలి. ఫ్రిజ్‌లో వద్దు, వాసనలు పట్టేస్తుంది. ఎక్కువగా కొన్నప్పుడు గాలి చొరని చిన్న ప్యాకెట్లు చేసి ఫ్రీజర్‌లో పెట్టొచ్చు. కానీ బయటికి తీశాక చల్లదనం పోయేదాకా విప్పకండి, లోపల తేమ పడుతుంది.

ప్రయాణానికి నా ఓటు ఏరోప్రెస్‌కే. విసిరి ఆడుకునే ఎగిరే రింగులు తయారుచేసిన అలన్ అడ్లర్ అనే ఇంజినీరు 2005లో తెచ్చిన ప్లాస్టిక్ గొట్టం ఇది, అడుగున కాగితం ఫిల్టర్, పైన పిస్టన్ ఉంటాయి. గాజు కాదు కాబట్టి బ్యాగులో పగలదు, కొన్ని సన్నటి హ్యాండ్ గ్రైండర్లు దాని లోపలే పడతాయి. 14 గ్రాముల పొడి, 200 గ్రాముల నీళ్లు. మగ్గు మీద నిలబెట్టి పోసి, కలిపి, పైన పిస్టన్‌ను కొంచెం దూర్చి పెడితే గాలి ఆగి కారడం ఆగిపోతుంది. రెండు నిమిషాలకు మెల్లగా నొక్కండి. పలుకు కాస్త అటూ ఇటూ అయినా కాఫీ పాడవదు, దీని గొప్పతనమంతా అదే. తూకం మోయడం ఇష్టం లేకపోతే ఇంట్లోనే గింజలను 14 గ్రాముల చొప్పున చిన్న జిప్ కవర్లలో కట్టుకోండి. నీళ్లకు మీ మగ్గులో 200 గ్రాములు ఎక్కడికి వస్తాయో ముందే చూసి గుర్తు పెట్టుకుంటే చాలు.

హోటల్ గదిలో కెటిల్‌ను నమ్మకండి. అందులో ఎవరేం ఉడికించారో తెలియదు. వాసన చూసి, ఒకసారి నీళ్లు మరగబెట్టి పారబోశాకే వాడండి. సొంత కెటిల్ తీసుకెళ్తుంటే వోల్టేజీ చూసుకోవాలి. 230 వోల్టుల కెటిల్‌ను 110 వోల్టుల దేశంలో పెడితే పవరు నాలుగో వంతుకు పడిపోతుంది, నీళ్లు వేడెక్కేసరికి ఓపిక పోతుంది. 110 వోల్టులదాన్ని 230లో పెడితే మాత్రం కాలిపోతుంది, ఆ ప్రయోగం వద్దు.

విమానాశ్రయాల్లో కొన్నిచోట్ల చేతిసంచిలోని పొడులను విడిగా తీయించి చూస్తారు, గింజలైతే ఆ టెన్షన్ తక్కువ. గ్రైండర్ లోహపు పళ్లు స్కానర్‌లో వింతగా కనిపిస్తాయి కాబట్టి నేను పెద్ద పెట్టెలోనే వేస్తాను. విమానంలో సొంతంగా చేసుకునే ముచ్చట అక్కర్లేదు. లోపలి గాలి ఒత్తిడి సుమారు 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తులో ఉన్నట్టు ఉంటుంది, పైగా పొడిగాలికి ముక్కు మందగిస్తుంది. ఎంత మంచి కాఫీ అయినా అక్కడ తేలిపోతుంది.

కొండల్లో మాత్రం చేసుకోవచ్చు, లెక్క కొంచెం మార్చాలి. ప్రతి 300 మీటర్లకు నీళ్లు మరిగే వేడి దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుంది. 3,000 మీటర్ల దగ్గర 90 డిగ్రీలకే మరిగిపోతాయి. అక్కడ చల్లార్చడం లాంటివేం వద్దు. మరుగుతుండగానే పోసి, పొడి కాస్త మెత్తగా ఆడి, ఒక నిమిషం ఎక్కువ నాననివ్వండి. నల్లగా వేగిన గింజలు తీసుకెళ్తే ఈ సర్దుబాట్లు కూడా పెద్దగా అవసరం పడవు.

కెటిల్ అసలు లేదా? రాత్రి పడుకునే ముందు బాటిల్‌లో లీటరు చన్నీళ్లకు 60 గ్రాముల బరక పొడి వేసి, గది ఫ్రిజ్‌లో 12 గంటలు ఉంచి, పొద్దున్నే కాగితంలో వడకట్టండి. చేదు తక్కువ, కొంచెం తీపిగా ఉంటుంది. కప్పు అంచుకు తగిలించుకునే డ్రిప్ బ్యాగులు కూడా మంచివే. ఒక్కోదానిలో 10 గ్రాముల దగ్గర పొడి ఉంటుంది కాబట్టి 150 గ్రాములకు మించి నీళ్లు పోయకండి. కప్పు నిండేదాకా పోస్తారు అందరూ, పల్చగా ఉందని బ్యాగును తిడతారు.

ఇన్‌స్టంట్‌ని నేను చిన్నచూపు చూడను. 150 గ్రాముల నీళ్లకు 2 గ్రాములు. ముందు చెంచాడు చన్నీళ్లలో కరిగించి తర్వాత వేడి నీళ్లు పోస్తే ఉండలు కట్టదు.

తాగేశాక పిప్పిని హోటల్ సింకులో కడగకండి, పైపు మూసుకుపోతుంది. ఏరోప్రెస్‌ను చెత్తబుట్ట మీద పెట్టి ఒక్క తోపు తోస్తే పిప్పి బిళ్లలా ఊడి పడుతుంది. రబ్బరు సీలు తుడిచి, పిస్టన్‌ను పూర్తిగా అవతలికి తోసి ఉంచండి. మధ్యలో వదిలేస్తే సీలు నొక్కుకుని, కొన్నాళ్లకు గాలి పట్టదు.