సెవరెన్స్ వస్తున్నా అన్‌ఎంప్లాయ్‌మెంట్‌కి అప్లై చేయడం ఎలా: అమెరికాలో లేఆఫ్ అయినవాళ్లకు

"సెవరెన్స్ వస్తోందిగా, అది అయిపోయాక చూద్దాంలే" అని ఆగిపోయేవాళ్లు చాలామంది. సెవరెన్స్ అంటే ఉద్యోగం తీసేసినప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బు, అన్‌ఎంప్లాయ్‌మెంట్ అంటే ఉద్యోగం పోయినవాళ్లకు రాష్ట్రం ఇచ్చే భృతి. అలా ఆగితే చాలాసార్లు నష్టమే. క్లెయిమ్ లెక్క ఉద్యోగం పోయిన రోజు నుంచి మొదలవదు, మీరు అప్లై చేసిన వారం నుంచి మొదలవుతుంది. వెనక్కి జరపమని అడగొచ్చు, కానీ అందుకు గట్టి కారణం చూపాలి. కాబట్టి సెవరెన్స్ ఎంత వచ్చినా, ఏ రూపంలో వచ్చినా, జీతం ఆగిన మొదటి వారంలోనే అప్లై చేయండి. సెవరెన్స్ అడ్డమా కాదా అన్నది తేల్చాల్సింది రాష్ట్రం, మీరు కాదు.

తొందరపడి అప్లై చేస్తే సెవరెన్స్ వారాలన్నీ వృథా అయిపోతాయేమో అన్న భయం కూడా వద్దు. క్లెయిమ్ సాధారణంగా 52 వారాలు బతికి ఉంటుంది. కాలిఫోర్నియా, టెక్సస్, న్యూయార్క్, న్యూజెర్సీల్లో గరిష్ఠంగా 26 వారాల డబ్బు ఇస్తారు. సెవరెన్స్ వల్ల మొదట్లో పది పన్నెండు వారాలు పోయినా మిగతాది తీసుకోవడానికి ఏడాదిలో చోటు ఉంటుంది.

అన్‌ఎంప్లాయ్‌మెంట్ ధర్మం సొమ్మని మొహమాటపడేవాళ్లకు ఒక మాట. ఇది కంపెనీలు కట్టే పన్ను మీద నడిచే బీమా. న్యూజెర్సీలో అయితే మీ జీతంలోంచి కూడా కొంత కోస్తారు, పే స్టబ్ తీసి చూసుకోండి.

ముందు లెటర్‌ని ముక్కలు చేయండి

మొత్తం ప్యాకేజీని అందరూ "సెవరెన్స్" అనేస్తారు. రాష్ట్రం మాత్రం అలా చూడదు. కంపెనీ ఇచ్చిన సెవరెన్స్ లెటర్ ముందు పెట్టుకుని అందులో ఏమేం ఉన్నాయో విడివిడిగా రాసుకోండి: చివరి రోజు దాకా జీతం, వాడుకోని సెలవుల డబ్బు, నోటీసుకు బదులు ఇచ్చే జీతం, అసలు సెవరెన్స్, బోనస్. ప్రతిదాని పక్కన పన్ను కోయకముందు మొత్తం, చెల్లించే తేదీ, అది ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు వర్తిస్తుందో రాయండి. అప్లికేషన్‌లో అడిగేవి సరిగ్గా ఇవే.

తేదీల్లో చిక్కు వస్తుంది. పెద్ద లేఆఫ్‌లలో ఫెడరల్ వార్న్ చట్టం కింద కంపెనీ 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. చాలా కంపెనీలు ఆ రోజే ల్యాప్‌టాప్ యాక్సెస్ తీసేసి, 60 రోజులూ పేరోల్‌లో ఉంచి జీతం ఇస్తాయి. ఆ రెండు నెలలు వచ్చేది సెవరెన్స్ కాదు, జీతం. ఆ వారాలకు అన్‌ఎంప్లాయ్‌మెంట్ రాదు. పేరోల్ నుంచి తీసేసిన తేదీ తర్వాతే మీ లెక్క మొదలవుతుంది. యాక్సెస్ పోయిన రోజునే ఉద్యోగం పోయిన తేదీగా రాస్తే కంపెనీ పంపే తేదీతో కలవదు, ఫైలు ఆగిపోతుంది.

లెటర్‌లో మరో మాట కూడా వెతకండి: "వాలంటరీ". కంపెనీ ముందుకొచ్చినవాళ్లకు ప్యాకేజీ ఇస్తానంటే ఒప్పుకుని బయటికొచ్చినవాళ్లను కొన్ని రాష్ట్రాలు రాజీనామా చేసినవాళ్లుగా చూస్తాయి. మీ పొజిషన్ ఎలాగూ తీసేస్తున్నారని తెలిస్తే, సంతకం పెట్టేముందే పొజిషన్ తీసేస్తున్న సంగతి లెటర్‌లో రాయించుకోండి.

రాష్ట్రాన్ని బట్టి లెక్క మారుతుంది

డల్లాస్‌లో ఉన్న బావగారి అనుభవం ఎడిసన్‌లో ఉన్న మీకు పనికిరాదు. ఒక్కో రాష్ట్రం ఒక్కోలా చూస్తుంది.

కాలిఫోర్నియాలో సెవరెన్స్ అన్‌ఎంప్లాయ్‌మెంట్‌కి అడ్డం కాదు. ఉద్యోగం పూర్తిగా పోయినప్పుడు ఇచ్చే సెలవుల డబ్బు కూడా అడ్డం కాదు. నోటీసుకు బదులు ఇచ్చిన జీతాన్ని మాత్రం జీతంగానే లెక్కిస్తారు. అందుకే కంపెనీ హెచ్‌ఆర్ సెవరెన్స్‌నీ, నోటీసు జీతాన్నీ కలిపి ఒకే పేరుతో రాస్తే విడగొట్టి ఇమ్మని అడగండి.

టెక్సస్‌లో దీనికి తలకిందులు. అక్కడ సెవరెన్స్ ఎన్ని వారాల జీతానికి సమానమైతే అన్ని వారాలు డబ్బు ఆపుతారు. కానీ చట్టంలోనే ఒక మినహాయింపు ఉంది: "కంపెనీ మీద దావా వేయను" అని సంతకం పెట్టినందుకు బదులుగా ఇచ్చే డబ్బు సెవరెన్స్ కింద లెక్కకు రాదు. ఈ రోజుల్లో టెక్ కంపెనీల ప్యాకేజీల్లో ఎక్కువభాగం ఇలాంటివే, సంతకం లేకపోతే పైసా రాదు. ఎవరు సంతకం పెట్టినా పెట్టకపోయినా కంపెనీ పాలసీ ప్రకారం ఇచ్చేది అయితే అడ్డమే. అక్కడ అన్‌ఎంప్లాయ్‌మెంట్ చూసే టెక్సస్ వర్క్‌ఫోర్స్ కమిషన్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు "సెవరెన్స్ వచ్చింది" అని ఊరుకోకండి. "హక్కులు వదులుకున్నట్టు సంతకం పెట్టినందుకు ఇచ్చారు" అని చెప్పి, ఒప్పందంలో ఆ పేరా ఉన్న పేజీ పంపండి.

న్యూయార్క్‌లో తేదీదే పెత్తనం. మొదటి సెవరెన్స్ చెల్లింపు చివరి ఉద్యోగ దినం తర్వాత 30 రోజుల లోపు వచ్చి, వారానికి పడే వాటా రాష్ట్రం ఇచ్చే గరిష్ఠ మొత్తం కన్నా ఎక్కువైతే ఆ వారాలకు ఏమీ రాదు. 2025 అక్టోబర్ నుంచి ఆ గరిష్ఠం వారానికి 869 డాలర్లు. 12 వారాలకని 24,000 డాలర్లు ఇస్తే వారానికి 2,000 పడుతుంది, అంటే 12 వారాలు ఆగాల్సిందే. మొదటి చెల్లింపే 30 రోజులు దాటాక వస్తే అడ్డం ఉండదు. 40 ఏళ్లు నిండినవాళ్లకు దీన్ని గమనించడం అవసరం: గ్రూప్ లేఆఫ్ అయితే ఫెడరల్ చట్టం ప్రకారం ఒప్పందం చదువుకోవడానికి 45 రోజులు, సంతకం పెట్టాక వెనక్కి తీసుకోవడానికి మరో 7 రోజులు ఇవ్వాలి. ఆ గడువు పూర్తిగా వాడుకోవడం మీ హక్కు, అలా వాడుకుంటే మొదటి చెల్లింపు 30 రోజులు దాటొచ్చు. ఆ రోజునే సంతకం పెట్టమని ఎవరూ బలవంతం చేయలేరు.

న్యూజెర్సీలో సర్వీసు ఏళ్ల లెక్కన ఇచ్చే సెవరెన్స్ అడ్డం కాదు. నోటీసుకు బదులు ఇచ్చేది, ఉద్యోగంలో ఉన్నట్టే చూపిస్తూ కొనసాగించే జీతం అడ్డం.

ఏ రాష్ట్రంలో వేయాలి

ఇల్లు ఉన్న రాష్ట్రంలో కాదు, పని చేసిన రాష్ట్రంలో. జెర్సీ సిటీలో ఉంటూ మన్‌హట్టన్ ఆఫీసుకి వెళ్లినవాళ్లు న్యూయార్క్‌లో వేయాలి. ఇంటి నుంచే పూర్తి రిమోట్‌గా చేస్తే మామూలుగా ఇల్లున్న రాష్ట్రమే పని చేసిన రాష్ట్రం అవుతుంది. మీ జీతం మీద అన్‌ఎంప్లాయ్‌మెంట్ పన్ను ఏ రాష్ట్రానికి కట్టారో హెచ్‌ఆర్‌ని అడిగితే సందేహం తీరిపోతుంది. ఏడాదిన్నరలో రెండు రాష్ట్రాల్లో పనిచేసి ఉంటే రెండు జీతాలూ కలిపి క్లెయిమ్ వేయొచ్చు, అప్లికేషన్‌లో ఆ సంగతి చెప్పాలి.

వీసా సంగతి

పౌరులు, గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లు, ఏ కంపెనీలోనైనా పనిచేసేందుకు ఈఏడీ (పని అనుమతి కార్డు) ఉన్నవాళ్లు (హెచ్4 ఈఏడీ, గ్రీన్ కార్డ్ పెండింగ్‌లో వచ్చిన ఈఏడీ) అప్లై చేయొచ్చు. కార్డు నంబరు, గడువు తేదీ అడుగుతారు, ఫెడరల్ రికార్డుతో సరిచూస్తారు. కార్డు గడువు తీరిన వారాలకు డబ్బు రాదు. 2025 అక్టోబర్ 30 నుంచి వేసిన చాలా రెన్యువల్స్‌కి మునుపటిలా ఆటోమేటిక్ పొడిగింపు లేదు, కాబట్టి ఈ తేదీని క్యాలెండర్‌లో పెట్టుకోండి.

హెచ్1బి వాళ్లకు ఇది కష్టం. వీసా ఒకే యజమానికి ముడిపడి ఉంది కాబట్టి, ఉద్యోగం పోయాక "పనికి అందుబాటులో ఉన్నారు" అన్న షరతు నెరవేరలేదని చాలా రాష్ట్రాలు తిప్పికొడతాయి. ఇక్కడ అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకోటి ఉంది: ఉద్యోగం పోయాక దేశంలో ఉండనిచ్చే 60 రోజుల గ్రేస్ పీరియడ్‌ని సెవరెన్స్ పొడిగించదు. ఉద్యోగం ముగిసిన మర్నాటి నుంచే, అంటే మామూలుగా జీతం వర్తించిన చివరి రోజు తర్వాతి నుంచి, ఆ లెక్క నడుస్తుంది. సెవరెన్స్ ఆరు నెలలకు వచ్చినా గడువు 60 రోజులే, ఐ-94 (దేశంలో ఉండటానికి ఇచ్చిన గడువు) అంతకన్నా ముందే ముగిస్తే ఆ లోపే.

అప్లికేషన్ నింపడం

ఆన్‌లైన్‌లో గంటలోపు అయిపోతుంది, కాగితాలు దగ్గరుంటే. సోషల్ సెక్యూరిటీ నంబరు, డ్రైవింగ్ లైసెన్స్, గత 18 నెలల్లో పనిచేసిన కంపెనీల పేర్లు, చిరునామాలు, తేదీలు, చివరి పే స్టబ్‌లు, సెవరెన్స్ లెటర్ పెట్టుకోండి. కాలిఫోర్నియాలో ఐడీ.మీ ద్వారా ఫోన్‌తో గుర్తింపు తనిఖీ ఉంటుంది. లైసెన్స్ మీద పేరు, సోషల్ సెక్యూరిటీ రికార్డులో పేరు వేరువేరుగా ఉంటే ఇక్కడే ఇరుక్కుంటారు. ఇంటిపేరు ముందో వెనకో పడటం మనకు కొత్త కాదుగా! సోషల్ సెక్యూరిటీ కార్డు మీద ఎలా ఉందో అలాగే టైప్ చేయండి.

కంపెనీ పేరు దగ్గర మనవాళ్లు తరచూ తప్పు రాస్తారు. కన్సల్టెన్సీ ద్వారా పెద్ద బ్యాంకులో పనిచేస్తే మీ యజమాని బ్యాంకు కాదు, డబ్ల్యూ-2 (ఏడాది జీతం, పన్ను చూపే పత్రం) ఇచ్చే కన్సల్టెన్సీ. పే స్టబ్ మీద ఉన్న పేరు, చిరునామా యథాతథంగా ఎక్కించండి. 1099 మీద, అంటే సొంతంగా కాంట్రాక్టరుగా పనిచేసినవాళ్లకు ఆ సంపాదన లెక్కలోకి రాదు.

ఉద్యోగం పోయిన కారణం దగ్గర "లేఆఫ్, పని లేకపోవడం" ఎంచుకోండి. కథ రాయక్కర్లేదు: "పొజిషన్ తీసేశారు" అన్న ఒక్క ముక్క చాలు. "మ్యూచువల్‌గా విడిపోయాం" లాంటి మాటలు రాస్తే విచారణకు పంపుతారు. చివరి వారం జీతం అడిగితే, కాలిఫోర్నియాలో ఆదివారం నుంచి చివరి పని రోజు దాకా సంపాదించినది మాత్రమే రాయాలి, చివరి చెక్కు మొత్తం కాదు.

తర్వాత "ఇంకేమైనా డబ్బు వస్తోందా" అన్న ప్రశ్న వస్తుంది. ఇందాక విడగొట్టి రాసుకున్న కాగితం ఇక్కడికే. సెవరెన్స్ అడ్డం కాని రాష్ట్రంలో కూడా దాచకండి. కంపెనీ నుంచి అదే ప్రశ్నకు జవాబు వెళ్తుంది. రెండూ కలవకపోతే మీరు దాచినట్టు లెక్క. కావాలని తప్పు చెప్పారని తేలితే కాలిఫోర్నియాలో తీసుకున్న డబ్బు వెనక్కి ఇవ్వడంతోపాటు దాని మీద 30 శాతం జరిమానా.

ఎంత వస్తుందన్నది మీ బేస్ పీరియడ్‌ని బట్టి ఉంటుంది: పూర్తయిన గత ఐదు త్రైమాసికాల్లో మొదటి నాలుగు. 2026 ఫిబ్రవరిలో వేస్తే 2024 అక్టోబర్ నుంచి 2025 సెప్టెంబర్ దాకా జీతాలు చూస్తారు. కాలిఫోర్నియాలో గరిష్ఠం వారానికి 450 డాలర్లే. ఒక త్రైమాసికంలో సుమారు 11,700 డాలర్లు సంపాదించినవాళ్లకు కూడా అంతే, రెండు లక్షల జీతం ఉన్నవాళ్లకు కూడా అంతే. ఈ మధ్యే ఉద్యోగంలో చేరి, ఆ బేస్ పీరియడ్‌లో జీతం సరిపోకపోతే చాలా రాష్ట్రాల్లో ప్రత్యామ్నాయ బేస్ పీరియడ్ అడగొచ్చు, దానిలో తాజా నాలుగు త్రైమాసికాలు చూస్తారు.

సర్టిఫికేషన్: డబ్బు ఆగేది ఇక్కడే

అప్లికేషన్ ఒక్కటే వేసి కూర్చుంటే డబ్బు రాదు. కాలిఫోర్నియా, టెక్సస్‌లలో రెండు వారాలకోసారి, న్యూయార్క్‌లో ప్రతి వారం "ఇంకా ఉద్యోగం లేదు, వెతుకుతున్నాను" అని సర్టిఫై చేయాలి. ఆమోదం ఇంకా రాకపోయినా, సెవరెన్స్ వల్ల ఆపి ఉంచినా చేస్తూనే ఉండాలి. ఈ మూడు రాష్ట్రాల్లోనూ మొదటి వారం వెయిటింగ్ వీక్. అప్పటికి చేతికి పైసా రాదు, కానీ దానికి కూడా సర్టిఫై చేయాలి.

ఉద్యోగాల వెతుకులాటను తేదీ, కంపెనీ, పొజిషన్, ఎలా అప్లై చేశారు అన్న వరుసలతో ఒక షీట్‌లో పెట్టుకోండి. న్యూయార్క్‌లో వారానికి మూడు ప్రయత్నాలు చూపాలి. టెక్సస్‌లో సంఖ్య కౌంటీని బట్టి మారుతుంది, వాళ్లు పంపే ఉత్తరంలో ఎన్నో రాసి ఉంటుంది. చిన్నాచితకా పని చేస్తే, డబ్బు చేతికి వచ్చిన వారం కాదు, పని చేసిన వారంలో పన్నుకు ముందు మొత్తం రాయాలి.

ఈ ఖాళీలో ఇండియా వెళ్లొద్దామనుకుంటే ఆ వారాల డబ్బు వదులుకున్నట్టే. దేశంలో లేనివాళ్లు పనికి అందుబాటులో లేరన్నదే లెక్క. గుంటూరు నుంచి లాగిన్ అయి "అందుబాటులో ఉన్నాను" అని నొక్కితే కనెక్షన్ ఎక్కడిదో వాళ్లకు కనిపిస్తుంది. వెళ్లేముందు ఆ వారాలకు నిజం చెప్పండి, తిరిగొచ్చాక క్లెయిమ్‌ని మళ్లీ తెరవండి.

పన్ను విషయం క్లుప్తంగా: ఫెడరల్ ఆదాయపు పన్ను ఉంటుంది. వారవారం 10 శాతం కోయమని అప్లికేషన్‌లోనే చెప్పొచ్చు. కాలిఫోర్నియా, న్యూజెర్సీ రాష్ట్ర పన్ను వేయవు, న్యూయార్క్ వేస్తుంది. జనవరిలో 1099-జీ (ఏడాదిలో ఎంత తీసుకున్నారో చూపే పన్ను పత్రం) వస్తుంది.

కాదన్నారనుకోండి

తిరస్కరణ ఉత్తరం మీద తేదీ చూడండి. అప్పీలుకు గడువు కాలిఫోర్నియా, న్యూయార్క్‌లలో 30 రోజులు, టెక్సస్‌లో 14 రోజులే. ఉత్తరం చేతికి అందిన రోజు కాదు, వాళ్లు పంపిన రోజు లెక్క. కారణం చదవండి: సెవరెన్స్‌ని నోటీసు జీతంగా తీసుకున్నారా, తేదీలు కలవలేదా, రాజీనామా అనుకున్నారా. దానికే సూటిగా జవాబు రాసి లెటర్, ఒప్పందం పేజీలు జతచేయండి. విచారణ చాలావరకు ఫోన్‌లోనే జరుగుతుంది, లాయరు తప్పనిసరి కాదు. తీర్పు వచ్చేదాకా సర్టిఫై చేయడం మాత్రం ఆపకండి. అప్పీలు గెలిచినా, సర్టిఫై చేయని వారాలకు డబ్బు ఇవ్వరు.